డాక్టరు గారికి చూపించాక పిల్లలతో ఒక గంట



మా ఓ.పి. వరండాలో రోజూ మాకు కనిపించే ఒక దృశ్యం చెబుతాము. బొబ్బిలి నుంచో, పాలకొండ నుంచో, పాడేరు నుంచో ఒక తల్లి తెల్లవారక ముందే లేచి తొలి బస్సు పట్టుకుని విశాఖపట్నం వస్తుంది. చంకలో రెండేళ్ళ బిడ్డ. చీటీ రాయించుకోవడం, వరుసలో కూర్చోవడం, బరువు తూయించడం, రక్తం తీయించడం, మందుల కౌంటరు దగ్గర నిలబడడం, ఇవన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం రెండు దాటుతుంది. బిడ్డ ఏడ్చి ఏడ్చి అలసిపోయి అమ్మ భుజం మీద నిద్రపోతాడు. ఆమె సంచీ సర్దుకుని, ఆటో ఎక్కి, కాంప్లెక్సుకు వెళ్ళిపోతుంది. మళ్ళీ ఎప్పుడు రావాలో చీటీ మీద రాసి ఇస్తాము. ఆ తేదీకి కొందరు వస్తారు. కొందరు రారు.

రానివాళ్ళ గురించి మేము చాలా ఏళ్ళు ఒకటే అనుకున్నాము, "అశ్రద్ధ" అని. తరువాత వచ్చినప్పుడు నాలుగు మాటలు అనేవాళ్ళము కూడా. అది అన్నివేళలా నిజం కాదని మాకు ఒక మామ్మగారు నేర్పారు. అందుకే ఈ నెల మా పేజీలో మందుల గురించి కాకుండా, డాక్టరు గారికి చూపించాక బిడ్డతో ఊళ్ళో గడిపే ఒక గంట గురించి రాస్తున్నాము.

మామ్మగారు నేర్పిన పాఠం

ఆమె మనవడికి పుట్టుకతోనే ఒక పాదం లోపలికి తిరిగి ఉంది. దీనినే క్లబ్‌ఫుట్ అంటారు. ఇది సరిచేయగలిగిన లోపమే. పొన్‌సెటి పద్ధతిలో వారం వారం పాదాన్ని మెల్లగా తిప్పుతూ పట్టీ కట్టు వేస్తారు. సాధారణంగా అయిదు నుంచి ఏడు కట్లు పడతాయి. చాలామందికి మడమ వెనుక నరంలాంటి కండరబంధానికి చిన్న గాటు కూడా అవసరమవుతుంది. ఆ తరువాత రెండు బూట్లను ఒక కడ్డీతో కలిపిన ప్రత్యేకమైన బూట్లు వేస్తారు. మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు, తరువాత రాత్రి నిద్రలోను, పగటి నిద్రలోను, సుమారు నాలుగేళ్ళ వయసు దాకా వేయాలి. కట్లతో పాదం తిన్నగా అవుతుంది. ఆ పాదం మళ్ళీ తిరగకుండా కాపాడేవి బూట్లే.

ఈ బాబు కట్ల దశ చక్కగా గడిచింది. ఏడాదిన్నర వయసులో రెండుసార్లు చూపించుకోవడానికి రాలేదు. వచ్చేసరికి పాదం మళ్ళీ లోపలికి తిరగడం మొదలైంది. బూట్లు ఎందుకు వేయలేదని తల్లిని అడిగితే ఏడ్చింది. రాత్రిపూట ఏడుస్తున్నాడని తీసేశానంది. ఆసుపత్రి సందులోకి ఆటో తిరగగానే బాబు గుక్కపట్టి ఏడుస్తాడట, వాడిని ఎలా తీసుకురమ్మంటారని అడిగింది. మేము ఆమెను కోప్పడ్డాము. మళ్ళీ మూడు కట్లు వేయవలసి వచ్చింది.

ఆఖరి కట్టు విప్పి, కొత్త బూట్ల కొలత తీసుకున్న రోజు మామ్మగారు తోడు వచ్చారు. "మామ్మా, ఎండలో ఎక్కడా తిప్పకండి, నేరుగా ఇంటికి వెళ్ళిపోండి" అన్నాము. ఆమె చిరునవ్వు నవ్వి, "అలగే సిస్టరమ్మా, గానీ గుంటడికి ఓడలు సూపించి ఎల్తాం. ఈ ఊరంటే ఆడికి సూదొకటే తెలుసు. సముద్రం కూడా ఉందని తెలాల గదా" అన్నారు.

మూడు నెలల తరువాత చెప్పిన తేదీకి సరిగ్గా వచ్చారు. గేటు దగ్గర బాబు ఏడవలేదు. "ఓడ" అన్నాడు. గదిలోకి వెళ్ళాక ఏడ్చాడు, కానీ త్వరగానే ఊరుకున్నాడు. ఆ తరువాత ఏ తేదీ తప్పలేదు. సముద్రం చూడడం వల్ల పాదం తిన్నగా కాలేదు, బూట్ల వల్లనే అయింది. కానీ ఆ బూట్ల కోసం వాడిని మా దగ్గరకు రప్పించింది మాత్రం సముద్రమే. నేరుగా ఇంటికి వెళ్ళమని చెప్పిన మేము ఈ సంగతి ఆలోచించలేదు.

రెండు మూడేళ్ళ పిల్లలకు "ఇది నీ మంచికే" అంటే అర్థం కాదు. వాళ్ళకు గుర్తుండేది ఆ రోజు ఎలా గడిచిందన్నదే. సూదితో, ఏడుపుతో, కిక్కిరిసిన బస్సుతో ముగిసిన రోజు ఒక రకంగా గుర్తుంటుంది. అమ్మ ఒడిలో కూర్చుని ఓడలు లెక్కపెట్టిన రోజు ఇంకో రకంగా గుర్తుంటుంది. మళ్ళీ మళ్ళీ రావలసిన పిల్లలకు, అంటే ఫిట్స్ మందులు వాడేవారికి, గుండె పరీక్షలకు వచ్చేవారికి, టీకాలకు వచ్చేవారికి కూడా ఇది వర్తిస్తుంది.

ముందు సిస్టరును అడగండి

అయితే ప్రతి బిడ్డనూ, ప్రతిసారీ బయట తిప్పవచ్చని మేము అనడం లేదు. వెళ్ళేముందు "సిస్టర్, ఈ రోజు బాబును కాసేపు బయటకు తీసుకువెళ్ళవచ్చా?" అని ఒక్క మాట అడగండి. అడిగినందుకు ఎవరూ కోప్పడరు.

టీకా వేయించిన రోజు: వేసిన తరువాత అరగంట ఆసుపత్రిలోనే కూర్చోవాలి. చాలా అరుదుగా వచ్చే తీవ్రమైన ఎలర్జీ సాధారణంగా త్వరగానే బయటపడుతుంది, అప్పుడు మేము దగ్గర ఉండాలి. అరగంట తరువాత బిడ్డ హుషారుగా ఉంటే కాసేపు బయటకు వెళ్ళవచ్చు. 16 నుంచి 24 నెలల మధ్య వేసే డి.పి.టి. బూస్టరు తరువాత జ్వరం, సూది వేసిన చోట నొప్పి రావచ్చు. కనుక ఆ రోజు దూరాలు పెట్టుకోవద్దు. జ్వరం మందు ఎంత వేయాలో బిడ్డ బరువును బట్టి డాక్టరు గారు రాసినట్లే వేయండి.

కంటి పరీక్షకు చుక్కలు వేసినప్పుడు: కంటిపాప పెద్దదై వెలుతురు భరించలేరు. బీచ్ ఎండ అసలు పనికిరాదు. టోపీ పెట్టి, నీడపట్టున ఉంచండి. కొన్ని రకాల చుక్కల ప్రభావం ఒక రోజు దాటి కూడా ఉంటుంది.

కట్టు వేసిన రోజు: ఇసుక, నీరు కట్టును తాకకూడదు. చంకలో ఎత్తుకుని చూపించండి, కిందకు దింపవద్దు. కాలి వేళ్ళు నీలంగా గాని, తెల్లగా గాని మారినా, వాచినా, చల్లబడినా వెంటనే ఆసుపత్రికి తిరిగి రండి. బస్సు ఎక్కేముందు ఒకసారి ఆ వేళ్ళు చూడండి.

స్కానింగు కోసం మత్తు ఇచ్చిన రోజు: నేరుగా ఇంటికి లేదా బసకు వెళ్ళండి. బిడ్డ మెలకువగా కనిపించినా అడుగులు తడబడతాయి. జారుడుబల్లలు, మెట్లు మర్నాటి దాకా వద్దు.

జ్వరం, వాంతులు, విరేచనాలు, ఆయాసం, అమ్మవారు, తట్టు ఉన్న పిల్లలు: బయట తిప్పవద్దు. ఇది మీ బిడ్డ కోసం, పార్కులో ఆడే ఇతర పిల్లల కోసం కూడా. అమ్మవారు పోసిన బిడ్డకు పొక్కులన్నీ పక్కులు కట్టేదాకా జనంలోకి వద్దు.

ఎక్కడికి వెళ్ళవచ్చు?

రెండేళ్ళ బిడ్డకు ఊరంతా చూపించనక్కరలేదు. ఒకే చోటు, ఒకే గంట, తరువాత ఇంటికి. ఈ లెక్క గుర్తుంచుకోండి.

ఆర్.కె. బీచ్: ఇక్కడున్న రామకృష్ణా మిషన్ ఆశ్రమం వల్లే ఈ పేరు వచ్చింది. కె.జి.హెచ్.కు వచ్చేవారికి కూడా ఇది దగ్గరే. మనది తూర్పు తీరం కనుక సాయంత్రం నాలుగు దాటాక ఎండ మన వెనుకకు, ఊరివైపుకు పోతుంది. ఇసుక చల్లబడుతుంది, గాలి వీస్తుంది. అదే సరైన సమయం. దూరంగా హార్బరులోకి వెళ్ళడానికి వేచి ఉన్న ఓడలు కనబడతాయి. దక్షిణాన డాల్ఫిన్ నోస్ కొండ, దాని మీద దీపస్తంభం కనబడతాయి. "ఎన్ని ఓడలు? ఏది పెద్దది?" అని అడగండి. ఖర్చు లేని ఆట ఇది.

కానీ ఒక్క విషయంలో మేము గట్టిగా చెబుతాము. ఈ సముద్రం నెమ్మది సముద్రం కాదు. అల వెనక్కు వెళ్ళేటప్పుడు కాళ్ళ కింద ఇసుకతో సహా లాగేస్తుంది. ఈత వచ్చిన పెద్దవాళ్ళే ఇక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. పిల్లలను నీళ్ళలోకి దింపవద్దు. అల తాకని పొడి ఇసుకలోనే కూర్చోండి. ఫొటో తీసేవారు ఒకరైతే, బిడ్డ చేయి పట్టుకునేవారు మరొకరు ఉండాలి. తుఫాను హెచ్చరిక ఉన్న రోజుల్లో అటువైపే వెళ్ళవద్దు.

సబ్‌మెరైన్, విమానం: బీచ్ రోడ్డు మీద ఉన్న ఐ.ఎన్.ఎస్. కుర్సురా 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసిన జలాంతర్గామి. 2002 నుంచి మ్యూజియంగా ఉంది. ఎదురుగా టి.యు.-142 విమానాన్ని 2017 డిసెంబరులో మ్యూజియంగా ప్రారంభించారు. పెద్ద పిల్లలకు ఇవి చాలా బాగుంటాయి. పసిపిల్లలకు మాత్రం సబ్‌మెరైన్ లోపలి భాగం ఇరుకు. గుండ్రటి తలుపుల్లోంచి వంగి దాటాలి, బిడ్డను ఎత్తుకుని దాటడం కష్టం. అప్పుడే స్కానింగు గదిలో భయపడి వచ్చిన బిడ్డకు మళ్ళీ ఇరుకు గది ఎందుకు? బయట నుంచి చూపించండి, అంత పెద్ద సబ్‌మెరైన్ ఇసుక మీద నిలబడి ఉండడమే వాళ్ళకు వింత. సోమవారం సబ్‌మెరైన్ మ్యూజియానికి సెలవు.

బస్సుకు దగ్గరగా పార్కు: ఆర్టీసీ కాంప్లెక్సుకు దగ్గరలో, పాత సెంట్రల్ జైలు ఉన్న స్థలంలో 2016లో పెద్ద పార్కు వచ్చింది. బస్సుకు గంటన్నర టైము ఉన్నవారికి ఇది అన్నిటికంటే అనువైనది. వరండాల్లో, బస్సుల్లో ఇరుక్కుని గడిపిన బిడ్డ పచ్చిక మీద కాసేపు పరుగెత్తితే చాలు, తరువాత బస్సులో హాయిగా నిద్రపోతాడు. బీచ్ రోడ్డులో పాత పేరు వుడా పార్కుగా అందరికీ తెలిసిన పార్కు కూడా పిల్లలకు మంచిదే. పార్కులు కొన్ని మధ్యాహ్నం మూసి ఉంచవచ్చు, ఆటోవారిని ముందే అడగండి.

జూ పార్కు, కైలాసగిరి: ఇందిరాగాంధీ జూ 1977లో ప్రారంభమైంది. కంబాలకొండ అడవి పక్కన 625 ఎకరాల్లో ఉంది. ఇంత పెద్ద చోటు ఆసుపత్రి రోజున పెట్టుకోవద్దు. ముందురోజే వచ్చి బస చేసినవారు, లేదా మర్నాడు బయలుదేరేవారు ఉదయం పూట వెళ్ళండి. మొత్తం చూడాలని పట్టుపట్టకండి. ఏనుగు, కోతులు, పక్షులు చూస్తే పసిబిడ్డకు చాలు. జూ కూడా సోమవారం సెలవు. కైలాసగిరి మీద నుంచి సముద్రం, ఊరు రెండూ కనబడతాయి. పైకి రోప్‌వే ఉంది. ఎత్తుకు భయపడే బిడ్డను మాత్రం బలవంతంగా ఎక్కించవద్దు, రోడ్డు మీదుగా కూడా వెళ్ళవచ్చు.

ఇవేవీ కుదరకపోతే రైల్వే స్టేషను ప్లాట్‌ఫారం మీద అరగంట ముందు వచ్చి కూర్చోండి. ఇంజను చూసి ఆనందించని రెండేళ్ళ బిడ్డను మేము ఇంతవరకు చూడలేదు.

తిండి, నీళ్ళు

రక్తపరీక్ష కోసం పరగడుపున వచ్చిన బిడ్డకు ముందు కడుపు నింపండి, తరువాతే షికారు. ఇంటి నుంచి తెచ్చిన ఇడ్లీ, పెరుగన్నం, అరటిపండు అన్నిటికంటే మంచివి. ఎండాకాలంలో ఉదయం వండిన పెరుగన్నం సాయంత్రం దాకా ఉంచవద్దు. కాచి చల్లార్చిన నీళ్ళు ఒక సీసాలో తెచ్చుకోండి. రంగు ఐసులు, కోసి పెట్టిన పండ్లముక్కలు వద్దు. ఇసుకలో ఆడిన చేతులను తినేముందు సబ్బుతో కడగాలి, అందుకు చిన్న సబ్బుముక్క సంచీలో వేసుకోండి.

బీచ్‌లో మురీ మిక్చరు లేకుండా షికారు ఏమిటంటారా? పెద్దలు తినండి. నాలుగేళ్ళలోపు పిల్లలకు మాత్రం అందులోని వేరుశనగ గింజ ఒక్కటి కూడా ఇవ్వవద్దు. నవ్వుతూ, పరుగెత్తుతూ తినే బిడ్డకు గింజ శ్వాసనాళంలోకి జారితే ఊపిరి ఆడదు. కొన్నిసార్లు అప్పటికి దగ్గు తగ్గినట్లు కనిపించి, కొన్ని రోజుల తరువాత ఒక పక్క ఊపిరితిత్తి పాడవుతుంది. తింటూ తింటూ హఠాత్తుగా దగ్గు పట్టిన బిడ్డను, దగ్గు తగ్గినా సరే, డాక్టరు గారికి చూపించండి. గొంతులో ఏమీ కనిపించకుండా వేలు పెట్టి కెలకవద్దు, గింజ ఇంకా లోపలికి పోతుంది. మొక్కజొన్న గింజలు, పెద్ద ద్రాక్షపండ్లు కూడా ఇలాంటి ప్రమాదాలే. ద్రాక్షను నిలువుగా నాలుగు ముక్కలు చేసి ఇవ్వండి.

లంచం కాదు, మాట

"ఏడవకుండా ఉంటేనే బీచ్‌కు తీసుకెళ్తాను" అని చాలామంది అంటారు. అలా అనవద్దు. సూది నొప్పికి ఏడవడం తప్పు కాదు. ఏడ్చినందుకు షికారు మానేస్తే బిడ్డకు రెండు దెబ్బలు తగిలినట్లు. "సూది చురుక్కుమంటుంది. అమ్మ పట్టుకుంటుంది. అయిపోయాక ఓడలు చూద్దాం" అని చెప్పండి. ఏడ్చినా, ఏడవకపోయినా తీసుకువెళ్ళండి. "ఈ రోజు సూది లేదు" అని అబద్ధం చెప్పి తీసుకురావద్దు. ఆ అబద్ధం బయటపడితే వచ్చేసారి మీ మాట, మా మాట ఏదీ నమ్మరు. "అల్లరి చేస్తే సిస్టరు సూది వేస్తుంది" అని బెదిరించడం కూడా దయచేసి మానండి. మేము రోజంతా వాళ్ళ భయం పోగొట్టాలని చూస్తుంటాము.

మాట ఇచ్చారంటే చిన్నదే ఇవ్వండి, నిలబెట్టుకోండి. వాన వచ్చినా, ఆలస్యమైనా "ఈసారి బస్సులోంచే సముద్రం చూద్దాం" అని చూపించండి.

డబ్బు గురించి మాకు తెలుసు. మందులకే చాలని రోజులు ఉంటాయి. పైన చెప్పిన వాటిలో బీచ్‌కు టిక్కెట్టు లేదు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో మహిళలకు పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది, ఆధార్ వంటి గుర్తింపు కార్డు వెంట ఉండాలి. అయిదేళ్ళలోపు పిల్లలకు టిక్కెట్టు లేదు.

డాక్టరు గారు కష్టమైన మాట చెప్పిన రోజులు కూడా ఉంటాయి. ఆ రోజు షికారుకు మనసు రాదు. బలవంతం లేదు. కానీ ఒక తల్లి మాతో అన్నది, "ఆ రోజు బీచ్‌లో వాడు ఇసుకలో ఆడుకుంటుంటే, నేను గాలికి కూర్చుని ఏడ్చి, మొహం కడుక్కుని బస్సెక్కాను. ఇంట్లో అయితే ఏడవడానికి చోటు లేదు." ఆ గంట తల్లికి కూడా అవసరమే.

సంఘ కుటుంబాలకు ఒక మనవి

ఈ ఊళ్ళో ఉండే మీకు బీచ్ రోజూ కనిపించేదే. పల్లె నుంచి ఒంటరిగా వచ్చిన తల్లికి ఏ ఆటో ఎక్కాలో కూడా తెలియదు. మీకు వీలైన రోజు ఒక గంట ఆమెకు తోడు వెళ్ళండి. సంచీ పట్టుకోండి, పెద్ద బిడ్డ చేయి పట్టుకోండి. తోడు వెళ్ళదలచినవారు నర్సింగ్ ఆఫీసులో చెబితే మేము కలుపుతాము.

బయలుదేరే ముందు ఒకసారి చూసుకోండి

1. సిస్టరును అడిగారా? మళ్ళీ రావలసిన తేదీ చీటీ భద్రంగా ఉందా?

2. బిడ్డ ఏదైనా తిని, మూత్రం పోసి, కాస్త హుషారుగా ఉన్నాడా?

3. నీళ్ళు, టోపీ, ఒక జత బట్టలు, పాత నూలుగుడ్డ, సబ్బు ఉన్నాయా?

4. మీ ఫోను నంబరు రాసిన చీటీ బిడ్డ జేబులో పెట్టారా? జనంలో తప్పిపోతే ఇదే ఆధారం.

5. తిరుగు బస్సు టైము తెలుసా? చీకటి పడేలోగా ఇల్లు చేరగలరా?

6. బయట ఉండగా బిడ్డ తాగలేకపోయినా, తాగినదంతా కక్కినా, ఫిట్స్ వచ్చినా, లేపినా లేవనంత మగతగా ఉన్నా, ఆయాసపడినా బస్సు ఎక్కవద్దు. వెంటనే 108కు ఫోను చేయండి, లేదా దగ్గరలోని ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ఆ మామ్మగారి మనవడికి ఇటీవల నాలుగేళ్ళు నిండాయి. రాత్రి బూట్లు ఇక అక్కరలేదని డాక్టరు గారు చెప్పారు. ఆ రోజు కూడా ఆమె మాకు చెప్పే బీచ్‌కు వెళ్ళారు. తరువాతి వారం మందుల కోసం వచ్చినప్పుడు, "ఇసకలో నాకు అందకుండా పరిగెట్టేసినాడమ్మా" అని చెప్పి నవ్వారు. ఇప్పుడు మేము ఎవరినీ "నేరుగా ఇంటికి వెళ్ళిపోండి" అనడం లేదు. "బిడ్డ బాగున్నాడు. సముద్రం చూసి వెళ్ళండి. వచ్చే తేదీ మరువకండి" అంటున్నాము.

ఇట్లు,
మీ నర్సింగ్ సూపరింటెండెంటు, సిస్టర్లు